గుండె ముప్పు ఎంతుందో రక్తపరీక్షల్లో చూసుకోవడం ఎలా

ల్యాబు రిపోర్టు చేతికి రాగానే చాలామంది నల్లగా, లావుగా అచ్చయిన అంకెలు ఎన్ని ఉన్నాయో వెతుకుతారు. ఒక్కటీ లేకపోతే ‘అంతా నార్మలే’ అనుకుని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. ఆ అంకెల్ని లావు చేసేది ల్యాబులోని కంప్యూటరు. మీకు షుగరుందో లేదో, చుట్ట కాలుస్తారో లేదో, మీ నాన్నగారు యాభై దాటకుండానే గుండెపోటుతో పోయారో లేదో దానికి తెలియదు. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 120 ఒకరికి ఫర్వాలేదు, పక్కింటాయనకి అదే అంకె మాత్ర మొదలుపెట్టవలసిన అంకె. అందుకే ముందు మీ సంగతి రాసుకోవాలి, ఆ తర్వాత రక్తం సరిగ్గా ఇవ్వాలి, అంకెలు చదవడం చివర.

ఒక మాట ముందే చెప్పాలి. ఇప్పుడు ఛాతీ పట్టేసినట్టుండి, ఎడమ చెయ్యో దవడో లాగుతూ, చెమటలు పోస్తుంటే ఇది చదివే సమయం కాదు. 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లండి. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు పెరిగే ట్రోపోనిన్ మొదటి కొన్ని గంటలు రక్తంలో కనబడకపోవచ్చు. నొప్పి మొదలైన అరగంటకే బజారు ల్యాబులో చేయించుకున్న ‘ట్రోపోనిన్ నెగటివ్’ కాగితం నమ్మి ఇంటికి వెళ్లిపోతే ప్రాణం మీదకి వస్తుంది. ఆసుపత్రిలో ఆ పరీక్షను గంటల తేడాతో మళ్లీ చేసేది ఇందుకే. ఇక్కడ చెప్పబోయేవి నొప్పి ఏమీ లేనివారు రాబోయే పదేళ్ల ముప్పును అంచనా కట్టుకోవడానికి.

మొదట ఒక కాగితం మీద మీ సంగతి

వయసు రాయండి. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక రెండుసార్లు చూసిన బీపీ రాయండి. మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో అడిగితే బీపీ, వేలి చుక్కతో షుగరు ఊళ్లోనే చూస్తారు. షుగరు, కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఉంటే ఎన్నేళ్ల నుంచో, ఏ మాత్రలు వేసుకుంటున్నారో రాయండి. నాన్నకో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65లోపు గుండెపోటు వచ్చి ఉంటే అది పెద్ద విషయం, కింద గీత గీసి పెట్టండి.

పొగాకు దగ్గర నిజం రాయాలి. డాక్టరు ‘సిగరెట్ అలవాటుందా’ అని అడుగుతారు, చుట్ట కాల్చేవాళ్లు ‘లేదండీ’ అనేస్తారు. చుట్టా పొగాకే. శ్రీకాకుళం తీరం పల్లెల్లో నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు, పెద్దమ్మలు ఇప్పటికీ ఉన్నారు. ఆడవాళ్లు కదా అని వాళ్లను ఎవరూ ఆ ప్రశ్నే అడగరు. మీ ఇంట్లో అలాంటి పెద్దావిడను పరీక్షకు తీసుకెళ్తుంటే ఆ సంగతి మీరే చెప్పండి. ముప్పు లెక్కలో అది ఒక మెట్టు పైకి తీసుకెళ్తుంది.

ఆడవాళ్లు ఇంకో రెండు రాయాలి. కడుపుతో ఉన్నప్పుడు బీపీగానీ షుగరుగానీ వచ్చిందా? నలభై లోపలే నెలసరి ఆగిపోయిందా? గర్భసంచి తీయించుకుని ఉంటే అండాశయాలు కూడా తీశారో లేదో పాత డిశ్చార్జి కాగితంలో చూడండి. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది.

ఏ పరీక్షలు రాయించుకోవాలి

అవసరమైనవి ఇవి: లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష), పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి (మూత్రంలో పోయే ప్రోటీను), హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష). జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్-ఎ (పుట్టుకతో వచ్చే ఒక రకం కొవ్వు రేణువు). ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) ఎక్కువున్నవాళ్లకీ షుగరున్నవాళ్లకీ అపో-బీ (కొవ్వు రేణువుల మీద ఉండే ప్రోటీను) ఉపయోగం. ఒంట్లో వాపు ఎంతుందో చూపే హై సెన్సిటివిటీ సీఆర్‌పీ అందరికీ అక్కర్లేదు. మాత్ర వెయ్యాలా వద్దా అని డాక్టరు ఊగిసలాడుతున్నప్పుడు పనికొస్తుంది.

టీఎస్‌హెచ్ ఎందుకని అడుగుతారు. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. థైరాయిడ్ సరిచేస్తే అదీ దిగుతుంది. ఇది చూడకుండా కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెడితే అసలు జబ్బు దాక్కుని ఉంటుంది, పైగా ఒళ్లు నొప్పులు కూడా ఎక్కువవుతాయి. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు పరీక్షకు రెండు రోజుల ముందు ఆపాలి, కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్ అంకెను తప్పుగా చూపిస్తుంది.

‘డెబ్బై పరీక్షల ప్యాకేజీ’ జోలికి వెళ్లకండి. అందులో హోమోసిస్టీన్ ఉంటుంది. అది ఎక్కువుంటే ముప్పు ఎక్కువన్నది నిజమే గానీ, ఫోలిక్ ఆసిడ్ మాత్రలతో దాన్ని తగ్గించినా గుండెపోట్లు తగ్గలేదని పెద్ద పరిశోధనల్లో తేలింది. సీకే-ఎంబీ, ఎల్‌డీహెచ్ లాంటివి ముప్పు అంచనాకి కావు. ఆ డబ్బుతో లైపోప్రోటీన్-ఎ చేయించుకోవడం మేలు.

రక్తం ఇచ్చే ముందు రోజూ, ఆ పొద్దుటా

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి.

ఎప్పుడు ఇవ్వకూడదో ముందు చూసుకోండి. జ్వరం, దగ్గు, కాలి పుండు, పన్ను వాపు ఉన్నప్పుడు వద్దు. జబ్బులో కొలెస్ట్రాల్ దిగిపోతుంది, సీఆర్‌పీ ఎక్కిపోతుంది. రెండూ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. తగ్గాక రెండు మూడు వారాలు ఆగండి. గుండెపోటు వచ్చినవాళ్లలో ఒకటి రెండు రోజుల తర్వాత ఎల్‌డీఎల్ తగ్గినట్టు కనిపించి కొన్ని వారాలు అలాగే ఉంటుంది. ‘కొలెస్ట్రాల్ లేకుండానే పోటొచ్చింది’ అనే మాట చాలాసార్లు అక్కడే పుడుతుంది. గర్భిణులకు కొలెస్ట్రాల్ సహజంగానే పెరుగుతుంది కనుక అప్పుడు చూసిన అంకె లెక్కలోకి తీసుకోకూడదు.

సంక్రాంతి కనుమ మర్నాడో, సిరిమానోత్సవానికి చుట్టాలింట్లో భోంచేసిన మర్నాడో వెళ్లకండి. కల్లు, సారా, బ్రాందీ ఏదైనా రెండు రోజుల ముందే ఆపాలి. ట్రైగ్లిజరైడ్లు దానితో అమాంతం పెరుగుతాయి. అలాగని పరీక్షకు వారం ముందు నూనె మానేసి చోడి అంబలి మాత్రమే తాగడం కూడా వద్దు. మామూలుగా ఎలా తింటారో అలా తిని వెళితేనే మీ అసలు అంకె తెలుస్తుంది.

ఇక పరగడుపు సంగతి. మెళియాపుట్టి నుంచో గజపతినగరం అవతలి పల్లెల నుంచో మొదటి బస్సు పట్టుకుని ల్యాబు చేరేసరికి తొమ్మిదిన్నర, వరసలో కూర్చునేసరికి పదిన్నర. రాత్రి ఏడింటికి తిన్నవాళ్లకి అప్పటికి పదిహేను గంటలు దాటిపోతుంది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. నిజానికి మొదటిసారి లిపిడ్ ప్రొఫైల్‌కి పరగడుపు అక్కర్లేదు. భారత హృద్రోగ వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. తిన్నాక ఇచ్చిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే అప్పుడు పది పన్నెండు గంటలు ఆగి మళ్లీ ఇవ్వాలి. పరగడుపు షుగరు కూడా చూడాలంటే మాత్రం ఎనిమిది గంటలు చాలు, మంచినీళ్లు తాగొచ్చు, టీ తాగకూడదు. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రను ఖాళీ కడుపున వేసుకోకుండా వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక టిఫినుతో వేసుకోండి. బీపీ మాత్ర ఎప్పటిలాగే వేసుకోవాలి. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నవాళ్లు పరీక్ష కోసం దాన్ని ఆపకూడదు, మాత్ర పనిచేస్తోందో లేదో తెలియాలి కదా.

ల్యాబులో అయిదు పది నిమిషాలు కూర్చున్నాకే చెయ్యి చాపండి. బస్సు దిగి ఎండలో నడిచొచ్చి నిలబడే ఇస్తే రక్తం కాస్త చిక్కగా ఉండి కొలెస్ట్రాల్ కొన్ని అంకెలు ఎక్కువ చూపిస్తుంది. చేతికి కట్టిన పట్టీ నిమిషానికి మించి బిగించి ఉంచినా అంతే. నరం దొరక్క వెతుకుతుంటే ‘ఒకసారి వదులు చెయ్యండి’ అని అడగడంలో తప్పులేదు. సీసాల మూతలు చూడండి: హెచ్‌బీఏ1సీకి ఊదారంగు, షుగరుకి బూడిదరంగు, లిపిడ్లకీ క్రియాటినిన్‌కీ ఎరుపో పసుపో. ఊళ్లో రక్తం తీసి బైకు మీద పట్నం పంపే చోట ఇది ముఖ్యం. ఎర్రమూత సీసాలో షుగరు రక్తం గంటల తరబడి అలాగే ఉంటే రక్తకణాలే చక్కెరను తినేస్తూ ఉంటాయి, గంటకి నూటికి అయిదు నుంచి ఏడు వంతుల దాకా తగ్గిపోతుంది. అలా 130 ఉన్న షుగరు 110గా వచ్చి, జబ్బు లేదనిపిస్తుంది. హెచ్‌బీఏ1సీకి ఆ బెంగ తక్కువ.

లిపిడ్ ప్రొఫైల్ చదవడం

ఒక రిపోర్టు ముందు పెట్టుకుందాం. నరసన్నపేటలో దుకాణం నడిపే 47 ఏళ్ల ఆయనది అనుకోండి. హెచ్‌బీఏ1సీ 7.2. మొత్తం కొలెస్ట్రాల్ 205, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 240, ఎల్‌డీఎల్ 123. కాగితం మీద ఎల్‌డీఎల్ పక్కన ‘130 లోపు’ అని ఉంది కాబట్టి అది మామూలు అక్షరాల్లోనే ఉంటుంది.

మొదట చూడవలసింది ఆ 123 ఎక్కడినుంచి వచ్చిందన్నది. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్ కొలవరు, లెక్కకడతారు. ట్రైగ్లిజరైడ్లను అయిదుతో భాగిస్తే 48. మొత్తం 205లోంచి 34, 48 తీసేస్తే 123. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క చెల్లదు. ఎల్‌డీఎల్ 70 కంటే తక్కువగా, ట్రైగ్లిజరైడ్లు 150 కంటే ఎక్కువగా ఉన్నా ఇది ఎల్‌డీఎల్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. నేరుగా కొలిచి ఉంటే రిపోర్టులో ‘డైరెక్ట్’ అని రాస్తారు.

రెండోది, పెన్ను తీసి మీరే ఒక తీసివేత చెయ్యండి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేది నాన్-హెచ్‌డీఎల్. రక్తనాళం గోడలో చేరి పూడిక కట్టగలిగిన కొవ్వు రేణువులన్నీ ఈ ఒక్క అంకెలో ఉంటాయి. తిన్నా తినకపోయినా పెద్దగా మారదు, పైసా ఖర్చు లేదు. మన ఇళ్లలో ఎల్‌డీఎల్ మరీ ఎక్కువ లేకుండా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండే తీరే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి మనవాళ్లకి ఎల్‌డీఎల్ కంటే ఇదే నమ్మకమైనది. ఈయనకి 205లోంచి 34 తీస్తే 171.

ఇప్పుడు ఆ 171ని ఆయన కాగితం పక్కన పెట్టాలి. 2024 మార్గదర్శకాల ప్రకారం ముప్పు తక్కువ ఉన్నవాళ్లకి ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్-హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలి. షుగరో బీపీయో ఉన్నవాళ్లకి 70 లోపు, 100 లోపు. ఇప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకి, దీర్ఘకాల కిడ్నీ జబ్బున్నవాళ్లకి 55 లోపు, 85 లోపు. ఈయనకి షుగరుంది. ఉండవలసింది 100 లోపు, ఉన్నది 171. లావు అక్షరం ఒక్కటీ లేని ఆ ఎల్‌డీఎల్ వరస వెనక అంత దూరం దాక్కుని ఉంది.

ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకండి. ఒకే మనిషికి వారాల తేడాలో ట్రైగ్లిజరైడ్లు నూటికి ఇరవై వంతుల పైన అటూఇటూ అవుతాయి. వీలైతే అదే ల్యాబులో ఇంకోసారి చూసుకుని, రెండింటి సగటు పట్టుకోండి. రెండు సందర్భాల్లో మాత్రం ఆలస్యం వద్దు. మాత్ర లేకుండా ఎల్‌డీఎల్ 190 దాటితే అది తిండి వల్ల కాక వంశంలో వచ్చింది అయ్యే అవకాశం ఎక్కువ. మడమ వెనక తాడులా తగిలే స్నాయువు మందంగా ఉందేమో తడిమి చూడండి, పిల్లలకీ పరీక్ష చేయించండి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే గుండె కంటే ముందు క్లోమగ్రంథికి వాపు వచ్చే ప్రమాదం ఉంది, మద్యం ఆ రోజే ఆపి డాక్టరును కలవాలి.

అపో-బీ చేయించి ఉంటే చదవడం సులువు. పూడిక కట్టే రేణువు ఒక్కోదానికి ఒక్కో అపో-బీ ఉంటుంది, కాబట్టి అది రేణువుల తలలు లెక్కపెట్టినట్టే. 52 దేశాల్లో చేసి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటుకి అన్నిటికంటే దగ్గరగా కనిపించింది అపో-బీకీ, హెచ్‌డీఎల్ రేణువుల మీద ఉండే అపో-ఎ1కీ మధ్య నిష్పత్తే. దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు మిగతా వాళ్లకంటే అయిదారేళ్లు ముందే వస్తోందని కూడా ఆ సమాచారంలోనే తేలింది. అందుకే మన దగ్గర ‘నలభైకి ముందు ఈ పరీక్షలెందుకు’ అనకూడదు. మొదటి లిపిడ్ ప్రొఫైల్ 18 ఏళ్లకే చూసుకోమంటారు.

ఉద్దానం వాళ్లు క్రియాటినిన్‌ను వదలకూడదు

కిడ్నీ వడపోత తగ్గితే గుండె ముప్పు పెరుగుతుంది, ఇది చాలామంది లిపిడ్ రిపోర్టు చూస్తూ మరిచిపోయే సంగతి. కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల వాళ్లకి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి.

క్రియాటినిన్ అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు. 1.3 అని వచ్చిందనుకోండి. 52 ఏళ్ల మగవాడికైతే వడపోత రేటు, అంటే ఈజీఎఫ్‌ఆర్, సుమారు 66 వస్తుంది. అదే వయసు ఆడమనిషికి అదే 1.3తో సుమారు 49. ఆడవాళ్లలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. అంత తక్కువలోనూ 1.3 మిగిలిందంటే వడపోత బాగా పడిపోయిందన్నమాట. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ వెయ్యకపోతే వేయించుకోండి. 60 కంటే తక్కువ వచ్చి, మూడు నెలల తర్వాత మళ్లీ చూసినా అలాగే ఉంటే అది దీర్ఘకాల కిడ్నీ జబ్బు.

మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి 30 దాటితే అదీ గుండెకు హెచ్చరికే. కానీ ఉద్దానం తరహా కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీను అంతగా పోదు. ‘మూత్రం పరీక్ష బాగుంది’ అన్న ధైర్యంతో క్రియాటినిన్ మానేయకండి, రెండూ చూడాలి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ట్రోపోనిన్ ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే ఉండొచ్చు. ఆ పాత అంకె ఫైల్లో ఉంటే రేపు ఛాతీ నొప్పితో వెళ్లినప్పుడు అది ఎంత పెరిగిందో డాక్టరు పోల్చి చూడగలరు. కొలెస్ట్రాల్ మాత్రల్లో కూడా తేడా ఉంది: రోసువాస్టాటిన్ మోతాదు తీవ్రమైన కిడ్నీ జబ్బులో తగ్గించాలి, అటోర్వాస్టాటిన్‌కి ఆ ఇబ్బంది లేదు. మందుల దుకాణంలో ఒకదాని బదులు ఇంకోటి తీసుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

హెచ్‌బీఏ1సీ ఎక్కడ తప్పుతుంది

5.7 లోపు మామూలు, 6.4 వరకు అంచు, 6.5 నుంచి షుగరు. ఈ అంకె పక్కనే హిమోగ్లోబిన్ చూడాలి. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్న ఆడవాళ్లకి ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకి, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లకి తప్పు చూపిస్తుంది, ఎక్కువసార్లు తక్కువగా. సికిల్ సెల్ ఉన్న ఏజెన్సీ కుటుంబాలవాళ్లు ఆ సంగతి ముందే చెప్పి, పరగడుపునా తిన్న రెండు గంటలకీ తీసిన షుగరు మీదే ఆధారపడాలి.

లైపోప్రోటీన్-ఎ, సీఆర్‌పీ

లైపోప్రోటీన్-ఎ పుట్టుకతో వచ్చే అంకె. తిండితో తగ్గదు, నడకతో తగ్గదు, ఏటా చూడక్కర్లేదు. మన దేశంలో సుమారు నలుగురిలో ఒకరికి ఇది ఎక్కువ. 50 మిల్లీగ్రాములు దాటినా, నానోమోల్స్‌లో రాస్తే 125 దాటినా ముప్పు కిందే లెక్క. ఈ రెండు కొలతల్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి గుణించి మార్చకండి, సరిగ్గా కుదరదు. ‘తగ్గించలేనప్పుడు చూడటం దేనికి’ అంటారు. ఇది ఎక్కువున్నవాళ్లు ఎల్‌డీఎల్, బీపీ, పొగాకు విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి కాబట్టి. తోబుట్టువులకీ పిల్లలకీ కూడా ఒకసారి చూడాలి కాబట్టి.

సీఆర్‌పీలో మామూలుది వేరు, హై సెన్సిటివిటీ వేరు. గుండెకి చూసేది రెండోదే. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు తక్కువ, 3 దాటితే ఎక్కువ, 10 దాటితే ఒంట్లో ఏదో ఇన్ఫెక్షనో వాపో ఉండొచ్చు, గుండె లెక్కకి పనికిరాదు. కొలత చూడటం మరవకండి: కొన్ని ల్యాబులు డెసీలీటరుకి రాస్తాయి. అక్కడ 0.3 అంటే ఇక్కడ 3. తక్కువే కదా అని సంబరపడేది అక్కడే. రెండు వారాల తేడాతో రెండుసార్లు చూడాలి.

అన్నీ కలిపి ముప్పు తేల్చడం

40 నుంచి 74 ఏళ్ల మధ్య ఉండి, ఇంతవరకు గుండెపోటు, పక్షవాతం రానివాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన దక్షిణాసియా రంగుల పట్టిక ఉంది. షుగరున్నవాళ్లకి ఒకటి, లేనివాళ్లకి ఒకటి. మగ, ఆడ, పొగాకు ఉందా లేదా అన్న అరలోకి వెళ్లి, వయసు వరసలో పైబీపీ, మొత్తం కొలెస్ట్రాల్ కలిసే గడి చూడాలి. పట్టికలో కొలెస్ట్రాల్ మిల్లీమోల్స్‌లో ఉంటుంది కాబట్టి మీ అంకెను 38.7తో భాగించండి, 205 అంటే 5.3. గడిలో ఉన్న అంకె పదేళ్లలో గుండెపోటుగానీ పక్షవాతంగానీ వచ్చే అవకాశం నూటికి ఎంతో చెబుతుంది. 5 లోపు ఆకుపచ్చ, 10 లోపు పసుపు, 20 లోపు నారింజ, ఆపైన ఎరుపు.

ఈ పట్టికకు మీ ట్రైగ్లిజరైడ్లు, లైపోప్రోటీన్-ఎ, కిడ్నీ, నాన్నగారి గుండెపోటు తెలియవు. వాటిలో ఏదైనా ఉంటే వచ్చిన రంగు కంటే ఒక మెట్టు పైన ఉన్నట్టు అనుకుని డాక్టరుతో మాట్లాడండి. అంచున ఉన్న పసుపు గడిలో కూర్చున్న 44 ఏళ్ల మనిషికి లైపోప్రోటీన్-ఎ 90 మిల్లీగ్రాములు ఉంటే అది పసుపు కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మొదట రాసుకున్న కాగితం, పాత రిపోర్టులు, మాత్రల అట్టలు తీసుకెళ్లండి. ‘నా నాన్-హెచ్‌డీఎల్ ఎంత ఉండాలి’ అని అడగండి. ‘కొలెస్ట్రాల్ ఎక్కువుందా’ అన్న ప్రశ్న కంటే దీనికి పనికొచ్చే జవాబు వస్తుంది. మాత్ర మొదలుపెడితే ఆరు నుంచి ఎనిమిది వారాలకి లిపిడ్, ఎస్‌జీపీటీ మళ్లీ చూడాలి. ఎల్‌డీఎల్ 45కి దిగిందని మాత్ర ఆపేస్తే కొన్ని వారాల్లో మళ్లీ పాత అంకెకు వచ్చేస్తుంది. అది దిగింది మాత్ర వల్లే. కండరాల నొప్పి వస్తే ఎవరికీ చెప్పకుండా మానేయకండి, కండరం దెబ్బతిందేమో చూపే సీకే పరీక్ష చేయించి మోతాదో మాత్రో మారుస్తారు. అంకె కుదిరాక ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చాలు. ప్రతి రిపోర్టు పైన తేదీ, ల్యాబు పేరు, ఆ రోజు వాడుతున్న మాత్ర మోతాదు మీ చేత్తో రాసిపెట్టండి, మూడేళ్ల తర్వాత ఆ ఫైలు తెరిచే డాక్టరుకి మొదట కావలసింది అదే.